పరీక్ష తప్పిన రామానుజన్

శ్రీనివాస రామానుజన్ పేరు వినని విద్యార్థి మన పాఠశాలల్లో ఉండడు. ఆయన జన్మదినమైన డిసెంబరు 22ను 2012 నుంచి జాతీయ గణిత దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఆనాడు పాఠశాలల్లో ఆయన చిత్రపటానికి పూలమాల వేస్తారు. 1729 అనే సంఖ్య విశేషాన్ని ఉపాధ్యాయులు పిల్లలకు వివరిస్తారు. పేదయింట పుట్టి ప్రపంచం మెచ్చిన గణితవేత్తగా ఎదిగిన తీరును కొనియాడతారు. ఇదంతా సముచితమే.

అయితే ఆ జీవితంలో వేదికలపై అంతగా వినిపించని భాగం ఒకటి ఉంది. కళాశాలలో పరీక్ష తప్పి, ఉపకారవేతనం పోగొట్టుకొని, పదిహేడేళ్ల వయసులో ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రైలెక్కి వెళ్లిపోయిన కుర్రవాడు కూడా ఈ రామానుజనే. ముప్పై ఏళ్ల వయసులో, పరాయి దేశంలో, జబ్బుతోను ఒంటరితనంతోను నలిగి ప్రాణమే తీసుకోబోయిన మనిషీ ఆయనే. పదో తరగతి, ఇంటర్మీడియెట్ చదివే బిడ్డలున్న ప్రతి కుటుంబమూ తెలుసుకోదగిన కథ ఇది. అందుకే ఆయన గణితాన్ని గణితజ్ఞులకు విడిచి, ఆయన మనసు నడిచిన దారిని ఇక్కడ వివరించడమైనది.

బాల్యం, బడి

రామానుజన్ 1887 డిసెంబరు 22న తమిళదేశంలోని ఈరోడులో, మాతామహుల ఇంట జన్మించాడు. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ కుంభకోణంలో ఒక బట్టల వర్తకుని వద్ద గుమాస్తా. ఆయన జీతం నెలకు సుమారు 20 రూపాయలు. తల్లి కోమలతమ్మాళ్ ఆలయంలో భజన కీర్తనలు పాడి మరికొంత సంపాదించేది. సారంగపాణి ఆలయ సన్నిధి వీధిలో వారిది చిన్న ఇల్లు. మూడేళ్లు వచ్చేవరకు బిడ్డకు మాటలు సరిగా రాలేదు. ఆ లోపలే, 1889లో, మశూచి సోకింది. ప్రాణం దక్కింది గాని ముఖాన మచ్చలు మిగిలాయి. అతని తరువాత పుట్టిన ముగ్గురు పిల్లలు పసితనంలోనే పోయారు. తమ్ముడొకడు పుట్టి నిలిచేనాటికి రామానుజన్‌కు పదేళ్లు వచ్చాయి. అన్నేళ్లు ఆ ఇంటి ఆశలన్నీ ఒక్క బిడ్డ చుట్టే అల్లుకొన్నాయి.

ఆ కుటుంబం కుంభకోణం, కాంచీపురం, మద్రాసుల మధ్య తిరిగినందువల్ల బాలుడు పదేపదే బడులు మారవలసి వచ్చింది. మన పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఇక్కడ ఉంది. 1894లో, కాంచీపురంలో ఉండగా, తమిళం మాట్లాడే ఈ పిల్లవాణ్ని కొంతకాలం తెలుగు మాధ్యమంలో బోధించే బడిలో వేశారు. ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి అయిన పిల్లవాడి అవస్థ ఎలా ఉంటుందో సరిహద్దు గ్రామాలవారికి వేరుగా చెప్పనక్కరలేదు. చేతులు కట్టుకొని, నోటిమీద వేలు వేసుకొని కూర్చొమ్మని పంతులు శిక్షించినప్పుడు ఆ బాలుడు రోషంతో లేచి తరగతి విడిచి వెళ్లిపోయేవాడట. ఆ తరువాత మద్రాసు బడికి పంపితే అక్కడికి వెళ్లనని మొరాయించాడు. పిల్లవాడు బడికి వెళ్లేలా చూడడానికి ఇంటివారు ఒక పోలీసు కానిస్టేబుల్ సహాయం తీసుకోవలసి వచ్చింది. ఆరు నెలలు తిరగకముందే బాలుణ్ని తిరిగి కుంభకోణం చేర్చారు.

ఈ ప్రవర్తనను పెద్దలు ఆనాడు మొండితనమని అనుకొని ఉంటారు. నేటికీ మనం అలాగే అనుకొంటాము. బడికి వెళ్లనని ఏడ్చే పిల్లవాణ్ని ఎందుకు వెళ్లనంటున్నావని నిదానంగా అడిగే ఇళ్లు తక్కువ.

ఒక్క మార్కు

1897లో ప్రాథమిక పరీక్షలో రామానుజన్ జిల్లాలోనే అగ్రశ్రేణిలో నిలిచాడు. కాని ఆ పరీక్షలోనే జరిగిన ఒక చిన్న సంఘటన అతని స్వభావాన్ని బయటపెడుతుంది. అంకగణితంలో 45 మార్కులకు అతనికి 42 వచ్చాయి. సహపాఠి అయిన స్నేహితునికి 43 వచ్చాయి. ఆ ఒక్క మార్కు తేడాకు ఉడుక్కొని బాలుడు ఆ స్నేహితునితో మాట్లాడడమే మానేశాడు.

1898లో కుంభకోణం టౌన్ హైస్కూలులో చేరాడు. అక్కడ గడిపిన ఆరేళ్లే బహుశా అతని విద్యార్థి జీవితంలో సుఖమైన కాలం. పదమూడేళ్ల వయసులో లోనీ రచించిన త్రికోణమితి గ్రంథాన్ని సొంతంగా చదివి ఆకళించుకొన్నాడు. ఇంట్లో అద్దెకున్న కళాశాల విద్యార్థుల నుంచి వారికి తెలిసినంత గణితం నేర్చేసుకొన్నాడు. ఆ రోజుల్లో త్రికోణమితిలో తాను సొంతంగా కనుగొన్న ఒక విషయాన్ని, ఎంతో కాలం క్రితమే ఆయిలర్ అనే మహాగణితజ్ఞుడు కనుగొన్నాడని తరువాత తెలిసింది. ఇంకొకరైతే అంతటివాడి ఆలోచన నాకూ తట్టిందని సంతోషించేవారు. ఈ కుర్రవాడు సిగ్గుతో కుంచించుకుపోయి, ఆ కాగితాలను ఇంటి పైకప్పులో దాచిపెట్టాడు.

తెలివైన పిల్లవాడికి దిగులెందుకు అని మనం అనుకొంటాము. తెలివికీ మనసు నిబ్బరానికీ సంబంధం లేదని ఈ రెండు సంఘటనలు చెబుతున్నాయి. తరగతిలో మొదటివాడిగా నిలిచే బిడ్డకే ఒక మెట్టు కిందికి దిగడం భరించరాని అవమానంగా తోచవచ్చు.

1903లో కార్ అనే ఆంగ్లేయుడు సంకలనం చేసిన గణిత గ్రంథం అతని చేతికి వచ్చింది. అందులో దాదాపు 5,000 సిద్ధాంతాలు ఉన్నాయి. చాలావాటికి వివరమైన నిరూపణలు లేవు. వాటిని తానే నిరూపించుకొంటూ పోవడంలో కుర్రవాడు మునిగిపోయాడు. 1904లో హైస్కూలు చదువు ముగిసినప్పుడు ప్రధానోపాధ్యాయుడు కృష్ణస్వామి అయ్యర్ చేతులమీదుగా గణితంలో రంగనాథరావు బహుమతి అందుకొన్నాడు. కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఉపకారవేతనం కూడా లభించింది. ఊరంతా మెచ్చుకొంది.

1905: రైలెక్కిన కుర్రవాడు

కళాశాలలో చేరిన ఏడాది లోపలే పరిస్థితి తలకిందులైంది. ఎఫ్.ఏ. తరగతిలో గణితంతో పాటు ఇంగ్లీషు, చరిత్ర, శరీరధర్మశాస్త్రం వంటివి చదవాలి. రామానుజన్‌కు గణితం తప్ప మరేదీ పట్టలేదు. తరగతిలో ఏ పాఠం జరుగుతున్నా అతని మనసు లెక్కలమీదే ఉండేది. ఇంగ్లీషు వ్యాసరచనలో తప్పాడు. ఉపకారవేతనం పోయింది. తల్లి స్వయంగా ప్రిన్సిపల్‌ను కలిసి వేడుకొన్నా నియమం సడలలేదు. ఒక టర్ముకు ఫీజు 32 రూపాయలు. అంటే తండ్రికి నెలన్నర జీతం కన్నా ఎక్కువ.

కొన్ని నెలలు ఎలాగో కళాశాలకు వెళ్లివచ్చాడు. నిన్నటిదాకా ఊరు మెచ్చిన పిల్లవాడు నేడు వేతనం పోగొట్టుకొన్నవాడిగా అదే వీధిలో నడవాలి. ఇంట్లో డబ్బు ఇబ్బంది కళ్లకు కడుతూనే ఉంది. 1905 ఆగస్టులో, ఎవరికీ చెప్పకుండా, రామానుజన్ విశాఖపట్నం వైపు వెళ్లే రైలెక్కాడు. ఎరిగినవారెవరూ లేని దూరపు ఊరికి పోవడమే అతనికి తోచిన మార్గం. తల్లిదండ్రులు తల్లడిల్లిపోయారు. కొడుకు కనిపించడం లేదని పత్రికలో ప్రకటన వేయించారు. తండ్రి ఊళ్లు పట్టుకొని వెతికాడు. సెప్టెంబరు నాటికి కుర్రవాడు ఇల్లు చేరాడు.

ఈ ఘట్టాన్ని జీవితచరిత్రలు రెండు మూడు పేరాలలో ముగిస్తాయి. తరువాత వచ్చిన కీర్తి ముందు అది చిన్న విషయంగా కనిపిస్తుంది. కాని పదిహేడేళ్ల పిల్లవాడు ఇల్లు విడిచి పోవడం చిన్న విషయం కాదు. ఆ కళాశాలలో అతని గణితాన్ని మెచ్చుకొన్నవారున్నారు, అతని నిర్లక్ష్యాన్ని విమర్శించినవారున్నారు. కాని వేతనం పోయిననాడు పిలిచి కూర్చోబెట్టి, ఇప్పుడేం చేద్దామని అడగడం ఎవరి ఉద్యోగంలోనూ భాగం కాదు. తప్పు ఏ ఒక్కరిదో అనలేము. ఆనాటి విద్యావిధానంలోనే అటువంటి మనిషికి చోటు లేదు.

మళ్లీ మళ్లీ తప్పడం

1906లో మద్రాసులోని పచ్చయప్ప కళాశాలలో చేరాడు. అక్కడ సింగారవేలు ముదలియార్ అనే గణితాచార్యుడు ఈ విద్యార్థిని తనతో సమానంగా చూసి, కష్టమైన లెక్కలను అతనితో కలిసి చేసేవాడు. అయినా మిగిలిన సబ్జెక్టుల గతి మారలేదు. శరీరధర్మశాస్త్రంలో నూటికి పది మార్కులైనా రాని సందర్భాలున్నాయి. మధ్యలో జిగట విరేచనాల జబ్బు చేసి ఇంటికి వెళ్లవలసి వచ్చింది. 1906 డిసెంబరులో ఎఫ్.ఏ. పరీక్ష రాసి తప్పాడు. 1907లో మళ్లీ రాశాడు, మళ్లీ తప్పాడు. ఒక్క సబ్జెక్టులో తప్పినా మొత్తం తప్పినట్టే లెక్క. గణితంలో వచ్చిన మార్కులు అక్కరకు రాలేదు.

ఆ తరువాతి రెండు మూడేళ్లు డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. ట్యూషన్లు చెప్పబోతే, పరీక్షకు కావలసినది విడిచి ఎక్కడికో వెళ్లిపోతాడని విద్యార్థులు నిలవలేదు. సన్నిధి వీధిలోని ఇంటి అరుగుమీద పలక ఒళ్లో పెట్టుకొని గంటల తరబడి లెక్కలు వేసేవాడు. కాగితం కొనే స్తోమత లేదు. రాసినదాన్ని మోచేత్తో తుడిచి మళ్లీ రాసేవాడు. నిలుపుకోదగినదాన్ని మాత్రం నోటుపుస్తకంలోకి ఎక్కించేవాడు. దారిన పోయేవారికి అతడు పని లేని కుర్రవాడు. 1909 జూలై 14న, ఆనాటి ఆచారం ప్రకారం, పదేళ్ల జానకితో తల్లి అతనికి వివాహం జరిపించింది. పెళ్లితో బాధ్యత తెలుస్తుందని పెద్దలు తలచడం ఆ కాలపు రివాజు. 1910 జనవరిలో శస్త్రచికిత్స అవసరమైతే డబ్బు లేదు. ఒక వైద్యుడు ఉచితంగా చేశాడు.

చేయి అందించినవారు

1910లో రామానుజన్ నోటుపుస్తకాలు చంకన పెట్టుకొని ఉద్యోగం కోసం తిరగసాగారు. తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్‌ను కలిశారు. ఆయన 1907లో భారత గణిత సంఘాన్ని స్థాపించిన వ్యక్తి. నోటుపుస్తకాలు చూసి, ఇటువంటివాణ్ని రెవెన్యూ శాఖలో చిన్న గుమాస్తాను చేస్తే ప్రతిభ అణగిపోతుందని భావించి, మద్రాసులోని గణితజ్ఞులకు పరిచయ లేఖలు ఇచ్చి పంపారు. కుంభకోణంలో ఒకప్పుడు రామానుజన్‌కు పాఠం చెప్పిన పి.వి. శేషు అయ్యర్ ఆయనను నెల్లూరు కలెక్టరు దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావు వద్దకు పంపే ఏర్పాటు చేశారు.

మన నెల్లూరుకు ఈ కథలో గౌరవమైన స్థానం ఉంది. 1910 డిసెంబరులో రామానుజన్ అక్కడికి వెళ్లారు. రామచంద్రరావుకు మొదట పూర్తి నమ్మకం కుదరలేదు. అయినా తలుపు మూయలేదు. మళ్లీ మళ్లీ విన్నారు. నమ్మకం కుదిరాక, ఏం కావాలని అడిగారు. తిండికి కొరత లేకుండా, లెక్కలు చేసుకొనే తీరిక ఉంటే చాలని ఆ యువకుడు చెప్పుకొన్నారు. సుమారు ఏడాదిపాటు నెలకు 25 రూపాయలు రామచంద్రరావు తన సొంత సొమ్ము నుంచి పంపారు. 1911లో గణిత సంఘం పత్రికలో రామానుజన్ మొదటి పరిశోధన వ్యాసం వెలువడింది.

ఊరకే సొమ్ము తీసుకోవడం ఇష్టం లేక, 1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా ఉద్యోగంలో చేరారు. అక్కడ ప్రధాన గణకుడు ఎస్. నారాయణ అయ్యర్ రాత్రిళ్లు తన ఇంట్లో పలకలు ముందు వేసుకొని ఆయనతో కలిసి లెక్కలు చేసేవారు. అధ్యక్షుడు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ అండగా నిలిచారు. 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని జి.హెచ్. హార్డీకి రామానుజన్ లేఖ రాశారు. ఆ లేఖ ఆయన తలరాతను మార్చింది. అదే ఏడాది మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం మంజూరు చేసింది. 1914 మార్చి 17న ఆయన ఇంగ్లండుకు ఓడ ఎక్కారు. భార్యను తల్లి వద్దనే విడిచి వెళ్లారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. రామస్వామి అయ్యర్, శేషు అయ్యర్, రామచంద్రరావు, నారాయణ అయ్యర్ చేసినది ఉపకారమే. కాని వారు ఆయన చేయి పట్టుకొన్నది ఆ నోటుపుస్తకాలను చూసి. అవి లేకుంటే, పరీక్ష తప్పిన ఆ ఇరవై రెండేళ్ల గుమస్తా కొడుకును ఎవరు పిలిచి మాట్లాడేవారు? అదే కళాశాలలో అదే ఏడాది తప్పిన మిగతా పిల్లల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. వారికీ తల్లిదండ్రులున్నారు. వారికీ వీధిలో తల ఎత్తుకొని నడవడం కష్టమై ఉంటుంది.

కేంబ్రిడ్జి, చలి, ఒంటరితనం

ఇంగ్లండులో గణితం వికసించింది. 1916 మార్చిలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరిశోధనకు గాను బి.ఏ. పట్టం ఇచ్చింది. ఎఫ్.ఏ. దాటలేని విద్యార్థికి ఆ పట్టం దక్కింది. కాని మనసు, దేహం రెండూ అలసిపోసాగాయి. చేరిన కొన్ని నెలలకే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. శాకాహార నియమం విడువని ఆయన గదిలో తానే వండుకొనేవారు. యుద్ధం వల్ల కావలసిన సరుకులు దొరకడం గగనమైంది. లెక్కల్లో మునిగి రాత్రీ పగలూ తేడా లేకుండా పనిచేసేవారు. వేళకు తిండి, నిద్ర ఉండేవి కావు.

ఆ రోజుల్లో ఒకసారి భారతీయ మిత్రుణ్ని, అతనికి కాబోయే భార్యను భోజనానికి పిలిచి తానే వండి వడ్డించారు. అతిథులు రెండుసార్లు వడ్డించుకొని, మూడోసారి వద్దన్నారు. కాసేపటికి చూస్తే రామానుజన్ లేరు. తన వంటను తృణీకరించారని నొచ్చుకొని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయారు. నాలుగు రోజుల తరువాత గాని తిరిగి రాలేదు. ఆక్స్‌ఫర్డుకు వెళ్లారని తరువాత తెలిసింది. తరగతి విడిచి వెళ్లిన బాలుడు, విశాఖ రైలెక్కిన కుర్రవాడు, ఈ గణితజ్ఞుడు ఒక్కరే. మనసు నొచ్చినప్పుడు నోరు విప్పి చెప్పడం ఆయనకు చిన్ననాడు ఎవరూ నేర్పలేదు. పారిపోవడమే తెలుసు.

1917లో తీవ్రంగా జబ్బుపడ్డారు. ఒక ఆరోగ్యశాల నుంచి మరొకదానికి మారుతూ రెండేళ్లు గడిచాయి. వైద్యులు క్షయ అని భావించారు. కాలేయానికి సోకిన అమీబా వ్యాధి అయి ఉండవచ్చునని 1994లో ఒక పరిశోధకుడు విశ్లేషించాడు. ఇంటివద్ద అత్తాకోడళ్ల మధ్య పొరపొచ్చాలు పెరిగాయి. జానకి రాసిన లేఖలు ఆయనకు అందలేదు. భార్య ఎందుకు రాయడం లేదో ఆయనకు తెలియదు. ఆ సంవత్సరమే ట్రినిటీ కళాశాల ఫెలోషిప్‌కు ఆయన పేరు వస్తే తిరస్కరించారు.

1918 మొదటి నెలల్లో, లండన్‌లోని ఒక రైల్వే స్టేషన్‌లో రామానుజన్ ప్రాణం తీసుకోబోయారు. ఒక ఉద్యోగి సకాలంలో గమనించి రైలును ఆపినందున బతికారు. గాయాలతో ఉన్న ఆయనను పోలీసులు పట్టుకొన్నారు. ఆనాడు ఇంగ్లండులో ఆత్మహత్యాయత్నం నేరం. 1961 వరకు అది నేరంగానే ఉంది. కబురందుకొని హార్డీ పరుగున వచ్చారు. ఈయన రాయల్ సొసైటీ సభ్యుడని, ఇటువంటివారిపై కేసు పెట్టడం తగదని పోలీసులకు నచ్చజెప్పారు. అప్పటికి ఆ సభ్యత్వం ఇంకా రాలేదు. హార్డీ చెప్పినది అబద్ధమే. పోలీసులు విడిచిపెట్టారు. అదే ఏడాది మే 2న రాయల్ సొసైటీ సభ్యత్వం నిజంగానే లభించింది. అక్టోబరులో ట్రినిటీ ఫెలోషిప్ దక్కింది. ఆ గౌరవం పొందిన తొలి భారతీయుడు ఆయనే. ఆ కబుర్లతో కొంత ఉత్సాహం తిరిగివచ్చింది. మంచి పని మళ్లీ సాగింది.

చావబోయిన మనిషి మరో రెండేళ్లు జీవించారు. ఆ రెండేళ్లలో చేసిన గణితం నేటికీ పరిశోధకులకు పని కల్పిస్తూనే ఉంది. ప్రాణం మీదికి వచ్చిన ఘడియ దాటితే మనిషి మళ్లీ నిలబడగలడనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. ఆ ఘడియలో పక్కన ఒకరు ఉండడమే ముఖ్యం.

చివరి కోరిక

1919 మార్చి 27న ఆయన బొంబాయి రేవులో దిగారు. అంతకు ముందే మద్రాసు విశ్వవిద్యాలయం ఏడాదికి 250 పౌండ్ల వేతనం ప్రకటించింది. దానికి జవాబుగా 1919 జనవరిలో రామానుజన్ రాసిన లేఖ ఆయన మనసును తెలియజేస్తుంది. ఆ మొత్తం తన అవసరాలకు మించినదని, తల్లిదండ్రులకు ఏడాదికి 50 పౌండ్లు ఇచ్చి, తన ఖర్చులు పోగా మిగిలినదాన్ని పేద పిల్లలకు, అనాథలకు బడి ఫీజులు తగ్గించడానికి, పాఠశాలలకు పుస్తకాలు సమకూర్చడానికి వినియోగించాలని కోరారు. 32 రూపాయల ఫీజు కట్టలేక ఇల్లు విడిచిన 1905 నాటి కుర్రవాణ్ని ఆయన మరచిపోలేదనిపిస్తుంది.

జానకి సేవలో చివరి ఏడాది గడిచింది. 1920 జనవరిలో హార్డీకి కొత్త ఆవిష్కరణల గురించి రాశారు. ఏప్రిల్ 26న మద్రాసులోని చేట్‌పట్‌లో, 32 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

నేటి బడులకు

రామానుజన్ రైలెక్కిన విశాఖపట్నం పేరు నూట ఇరవై ఏళ్ల తరువాత మరో సందర్భంలో వినవచ్చింది. ఆ నగరంలో పోటీపరీక్షకు శిక్షణ పొందుతూ 2023లో మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇచ్చింది. ఆ బిడ్డ వయసు కూడా పదిహేడే. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు బలవన్మరణం పాలయ్యారని, 2,248 మరణాలకు పరీక్షలో తప్పడమే కారణంగా నమోదైందని జాతీయ నేర గణాంకాలను న్యాయస్థానం ప్రస్తావించింది. చట్టం వచ్చేవరకు పాటించవలసిన మార్గదర్శకాలను నిర్దేశించింది.

వాటిలో తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ గాని మనస్తత్వ నిపుణుడు గాని కనీసం ఒకరుండాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవాలి. మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడదీయరాదు, పదిమందిలో అవమానించరాదు. ఉపాధ్యాయులకు, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు ఈ విషయంలో శిక్షణ ఇవ్వాలి. సహాయ ఫోను నంబర్లు తరగతి గదుల్లో, వసతి గృహాల్లో కనబడేలా పెద్ద అక్షరాలతో రాయాలి. ఇవి ప్రభుత్వ బడులకు, ప్రైవేటు బడులకు, కళాశాలలకు, శిక్షణ కేంద్రాలకు అన్నింటికీ వర్తిస్తాయి. పాఠశాల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కుల సంగతితో పాటు ఇవి అమలవుతున్నాయా అని అడిగే హక్కు ప్రతి తల్లికీ తండ్రికీ ఉంది.

మానసిక వైద్యం నగరాలకే పరిమితమన్న భావన కూడా సరికాదు. గ్రామీణ ప్రజలకు దగ్గరలోనే మానసిక వైద్యం అందించవచ్చని దేశానికి చూపినది మన తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న బళ్లారి జిల్లాయే. బెంగళూరు నిమ్‌హాన్స్ సంస్థ 1980లలో అక్కడ చేసిన ప్రయోగమే నమూనాగా, 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రారంభమైంది. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్లవారికి ఉద్దేశించినది. దాని ఆరు అంశాలలో మానసిక ఆరోగ్యం ఒకటి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీమానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.

ఈ చివరి మాట మన ప్రాంతాలకు మరీ ముఖ్యం. మన పిల్లలు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో పాఠాలు చదువుతారు, పరీక్షలు రాస్తారు. ఆ భాషల్లో రాణిస్తారు కూడా. కాని లోపలి బాధ చెప్పుకోవడానికి ఇంటి భాషే కావాలి. బడిలో మాట పెగలని బిడ్డకు ఇంట్లోనైనా వినే చెవి ఉండాలి. బడిలో తెలుగు తెలిసిన ఉపాధ్యాయుడు ఒకరుంటే, ఆయనకు పాఠం చెప్పడంతో పాటు ఈ బాధ్యత కూడా ఉన్నదని భావించాలి.

గమనించవలసిన గుర్తులు పెద్ద చదువులు లేనివారికి కూడా తెలిసేవే. ఉన్నట్టుండి తిండి, నిద్ర తగ్గడం, స్నేహితులతో మాట మానడం, బడికి వెళ్లనని మొరాయించడం, ఇష్టమైన వస్తువులను ఇతరులకు ఇచ్చివేయడం, నేను లేకపోతే మీకు బరువు తగ్గుతుందని అనడం వంటివి కనిపిస్తే ఊరుకోరాదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా, మెల్లగా అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడిగినవారున్నారన్న ధైర్యం కలుగుతుంది. అటువంటి మాట బిడ్డ నోట వస్తే ఒంటరిగా విడవకుండా, అదే రోజు ఫోను చేయాలి లేదా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. కేసు అవుతుందన్న భయం అక్కరలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అటువంటివారిని తీవ్ర ఒత్తిడికి లోనైనవారిగానే చూడమంటోంది. సంరక్షణ కల్పించవలసిన బాధ్యతను ప్రభుత్వంపై ఉంచింది. నాడు హార్డీ అబద్ధమాడి సంపాదించిన దయ, నేడు ప్రతి బిడ్డకూ చట్టబద్ధంగా దక్కుతోంది.

రామానుజన్ కథను పిల్లలకు చెప్పేటప్పుడు, పరీక్ష తప్పినా మహానుభావుడయ్యాడు, నీవూ అవుతావు అని చెప్పడం పరిపాటి. అందులో ఒక ప్రమాదం ఉంది. మహానుభావుడు కాలేని బిడ్డ ఆ మాట విని మరింత కుంగిపోవచ్చు. తప్పిన బిడ్డకు ఆదరణ దొరకడానికి నోటుపుస్తకంలో అద్భుతాలు ఉండనక్కరలేదు. ఫలితాలు వెలువడే రోజున పిల్లవాడు ఇల్లు చేరేసరికి ఎవరో ఒకరు వాకిట ఉండి, ముందు అన్నం పెట్టి, మార్కుల సంగతి రేపు చూసుకొందామని చెబితే చాలు. ఆ పని చేయడానికి గణితం తెలియనక్కరలేదు.